నియమిత పాఠములు: మనము ఏరుకోని వాక్యము

(రేడియో ప్రసంగ పాఠము)

 

ఇల్లందు వైపు నుండి ఒక సహోదరి ఈ నెల ఉత్తరము వ్రాశారు. ఆమె ప్రశ్న ఇది: “అయ్యగారూ, మా సంఘములో ప్రతి ఆదివారము పాత నిబంధనలో ఒకటి, పత్రికలలో ఒకటి, సువార్తలో ఒకటి, మొత్తం మూడు పాఠాలు చదువుతారు. ప్రసంగము మాత్రము ఒక్కదాని మీదనే ఉంటుంది. మరి మిగిలిన రెండు ఎందుకు చదువుతున్నట్టు? మా పక్కింటివారు వెళ్ళే సంఘములో పాస్టరుగారు ఆ రోజు ప్రభువు ఏ మాట ఇస్తే ఆ మాటే చెబుతారట. మనది వట్టి ఆచారమేనా?”

సూటిగా అడిగారు గనుక సూటిగానే చెప్పడానికి ప్రయత్నిస్తాను. అయితే ఆమెకు జవాబు చెప్పాలంటే నా సొంత తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి వస్తుంది. దానికి కాస్త ఆగండి, ముందు అసలు సంగతి చూద్దాము.

దేవుని ప్రజలు వాక్యమును మొదట విన్నది చెవులతో. ఇంటింటా బైబిలు ఉండటమనేది నిన్న మొన్నటి మాట. ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయము 10 నుండి 13 వరకు చూడండి. ఏడేండ్లకొకసారి పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రమంతా జనుల చెవిని పడేటట్టు చదవాలని మోషే నియమించాడు. పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు, వారి గ్రామాలలో ఉంటున్న పరదేశులకు కూడా. నెహెమ్యా 8వ అధ్యాయములో ఎజ్రా నీటి గుమ్మము ఎదుట కొయ్య పీఠము మీద నిలువబడి తెల్లవారినది మొదలు మధ్యాహ్నము దాకా చదివాడు. లేవీయులు జనుల మధ్య నిలబడి అర్థము విప్పి చెప్పారు. చెరలో తరాలు గడిచి వచ్చిన ప్రజలకు గ్రంథపు భాష అందలేదు గనుక ఆ పని అవసరమైంది. ఇంటిలో కోయ మాట్లాడి, గుడికి వచ్చి తెలుగు బైబిలు వినే మన సంఘాలలోనూ ఆ పని అవసరమే. ‘స్వాస్థ్యము’ అని మనము గంభీరముగా చదివేసి కూర్చుంటే సరిపోదు.

మన ప్రభువు నజరేతు సమాజమందిరములో చదవడానికి లేచినప్పుడు ఆయన చేతికి యెషయా గ్రంథము అందించారని లూకా 4వ అధ్యాయము చెబుతుంది. పౌలు పిసిదియలోని అంతియొకయకు వెళ్ళినప్పుడు, అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయములో, ముందు ధర్మశాస్త్రమునూ ప్రవక్తల లేఖనములనూ చదివారు, ఆ తరువాతే మాట్లాడమని ఆయనను అడిగారు. పఠనము ముందు, ప్రసంగము వెనుక. రెండవ శతాబ్దపు మధ్య కాలములో రోమా పట్టణములో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి క్రైస్తవుల ఆదివార కూటము ఎలా జరిగేదో వ్రాసి ఉంచాడు. అపొస్తలుల జ్ఞాపకములనో ప్రవక్తల వ్రాతలనో వీలున్నంత సేపు చదివేవారట, చదివేవాడు ముగించాక అధ్యక్షుడు లేచి బోధించేవాడట. ‘వీలున్నంత సేపు’ అన్న ఆ మాట చూస్తే నాకు సిగ్గు వేస్తుంది. మనము ప్రకటనలకు ఇరవై నిమిషాలిచ్చి వాక్యపఠనానికి ఐదు నిమిషాలిస్తాము.

ఏ ఆదివారము ఏమి చదవాలన్న పట్టికలు తరువాత క్రమముగా ఏర్పడ్డాయి. 1549లో ఇంగ్లాండులో వచ్చిన ప్రార్థనల గ్రంథములో ఆదివారాలకు పత్రిక పాఠమూ సువార్త పాఠమూ ఏడాదికొక చుట్టుగా నియమించారు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి కాలములో మన పల్లెల్లో నడిచిన ఆరాధన ఆ సంప్రదాయములోనిదే. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము తన సొంత పట్టికను తయారు చేసుకుంది, అందులో ప్రతి ఆదివారానికి ఒక అంశము కూడా ఉంటుంది. రోమను కతోలికులు 1969లో మూడేండ్ల చుట్టును తెచ్చారు. దాని అడుగుజాడల్లోనే 1992లో అనేక ప్రొటెస్టెంటు సంఘాలకు పనికివచ్చే మూడేండ్ల పట్టిక వచ్చింది. ఒక ఏడు మత్తయి, మరుసటి ఏడు మార్కు, మూడవ ఏడు లూకా. యోహాను సువార్త మూడేండ్లలోనూ పండుగల్లో, మధ్యమధ్య వస్తూ ఉంటుంది. నేను సెమినరీలో నేర్చుకున్నది ఈ పట్టికే, నా బల్ల మీద ఉండేదీ ఇదే.

సరే, చరిత్ర చాలు. సహోదరి అడిగినది ‘ఎందుకు’ అని గదా.

2022 జూలై మీకు జ్ఞాపకముంటుంది. జూలై 16, శనివారము, భద్రాచలము దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత నది అంత ఎత్తుకు లేవడము అదే. మరునాడు ఆదివారము. వరద బాధితులను ఉంచిన ఒక బడిలో, తడి చాపల మీద, పది పన్నెండు కుటుంబాలతో ఆరాధన చేశాము. జూలై 17కు నా పట్టికలో ఉన్న పాత నిబంధన పాఠము ఆమోసు 8వ అధ్యాయము, 1 నుండి 12 వరకు. అందులో ఎనిమిదవ వచనము ఇంటికి వెళ్ళి చదువుకోండి. దేశమంతా ఐగుప్తు నదివలె పొంగి అణగిపోవడము గురించి ఉంది. ఆ పట్టిక వేసినవారికి మన గోదావరి ఎక్కడుందో తెలియదు. 1992లో వేసిన వరుస అది.

చదివిన కుర్రవాడి గొంతు ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఒక తల్లి లేచి, “అంటే అయ్యగారూ, మా పాపానికే ఈ వరద వచ్చిందా?” అని అడిగింది. నేనే ఏరుకొని ఉంటే ఆ రోజు ఆ పాఠము జోలికి పోయేవాడిని కాను. ఏ 23వ కీర్తనో, 46వ కీర్తనో చదివి ఓదార్చి వచ్చేవాడిని. చదివాము గనుక జవాబు చెప్పక తప్పలేదు. ఐదు, ఆరు వచనాలు మళ్ళీ చదివించాను. దేవుని కోపము ఎవరి మీద? తూములు చిన్నవి చేసి, త్రాసులు మోసము చేసి, చెప్పుల జోడు వెలకు బీదవాడిని కొనేవారి మీద. ఇల్లు మునిగి బడిలో పడుకున్నవారి మీద కాదు. ఆ తల్లి భయము తీరిందని చెప్పలేను. అయితే ఆమె అడగగలిగింది. నేను ఏరుకున్న కీర్తన చదివి ఉంటే ఆ ప్రశ్న ఆమె కడుపులోనే ఉండిపోయేది.

ఇక నా తప్పు చెబుతాను.

2013వ సంవత్సరము. సెమినరీ నుండి వచ్చి నాలుగేండ్లు. భద్రాచలము ఏజెన్సీలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న సంఘానికి నన్ను పంపారు. ఊరి పేరు చెప్పను. ముప్పై నలభై కుటుంబాలు, సగానికి పైగా కోయవారు. తాటాకు కప్పు తీసివేసి కొత్తగా రేకులు వేసుకున్న గుడి. ఆ రేకులకు డబ్బు ఇచ్చినది ఒక సంఘపెద్ద. ఆయన గిరిజనేతరుడు. చెడ్డవాడని చెప్పను, నా బిడ్డకు జ్వరము వస్తే అర్ధరాత్రి తన బండి మీద ఆసుపత్రికి తీసుకువెళ్ళినవాడు. కాని అదే సంఘములోని ఒక కోయ అవ్వ సేను ఆయన సాగుబడిలో ఉండేది. అవ్వ భర్త మంచాన పడినప్పుడు తెచ్చుకున్న అప్పు, తెల్లకాగితము మీద ఒక వేలిముద్ర. అప్పు తీరేదాకా సాగు చేసుకుంటానన్న మాట. భర్త పోయాడు, అప్పు ఎంత మిగిలిందో అవ్వకు ఎవరూ చెప్పలేదు, సేను తిరిగి రాలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు.

ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కావడము చెల్లదని 1959 నాటి నిబంధనలకు 1970లో చేసిన సవరణ చెబుతుంది. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటే మన వైపు పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. తెల్లకాగితాలు మాత్రము నడుస్తూనే ఉంటాయి.

ఆ ఏడు జూన్ 16 ఆదివారము. మృగశిర వచ్చింది, తొలకరి పడింది, విత్తనాల వేళ. శనివారము రాత్రి పట్టిక తీస్తే పాత నిబంధన పాఠము మొదటి రాజులు 21వ అధ్యాయము. నాబోతు ద్రాక్షతోట. మీకు తెలిసిన కథే. రాజైన అహాబుకు తన నగరును ఆనుకొని ఉన్న తోట కావాలి, కూరతోట వేసుకోవడానికి. వెల ఇస్తానంటాడు, ఇంతకంటె మంచి తోట ఇస్తానంటాడు. నాబోతు ఇవ్వడు. ఇది బేరము తెగని మాట కాదు. లేవీయకాండము 25:23 ప్రకారము భూమి దేవునిది, దానిని శాశ్వతముగా అమ్మకూడదు. సంఖ్యాకాండము 36:7లో ఒక గోత్రపు స్వాస్థ్యము మరొక గోత్రానికి పోకూడదని ఉంది. మన కోయవారిలో గట్లు ఉన్నట్టు ఇశ్రాయేలీయులలో గోత్రాలుండేవి, గోత్రాన్నిబట్టి భూమి. ఆ పాఠాన్ని మన ఏజెన్సీలో జూన్ నెలలో చదివితే ఇక వ్యాఖ్యానము అక్కరలేదు.

నాకు చెమట పట్టింది. ఉదయము గుడి దగ్గర ఆ పాఠము చదవవలసిన పదో తరగతి కుర్రవాడిని పక్కకు పిలిచి, ఈ రోజు నువ్వు చదవనక్కరలేదు బాబూ అన్నాను. మిగిలిన రెండూ చదివించాను, గలతీ పత్రిక 2వ అధ్యాయమూ లూకా 7వ అధ్యాయమూ. ప్రభువు పాదాలను కన్నీళ్ళతో తడిపిన స్త్రీని గురించి ప్రసంగించాను. క్షమాపణ గురించి. ప్రసంగము బాగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ పెద్ద కూడా చేయి పట్టుకొని మెచ్చుకున్నాడు.

అందరూ వెళ్ళాక అవ్వ వచ్చి నిలబడింది. ఆ కుర్రవాడు ఆమె మనవడే.

“అయ్యగారూ, ఎప్పుడూ మూడు సదువుతరు గదా, ఇయ్యాల రెండేనా?” అంది. “రాత్రి మావోడు దీపం కాడ సదివిండు. రాజు తోట కోసం మూతి ముడుసుకొని పండుకుండు, ఆడిదాకా ఇన్న. నిద్దరొచ్చింది. తర్వాత ఏమైందో ఇందామని వొచ్చిన.”

“సమయము చాలలేదవ్వా” అన్నాను. వాక్యపీఠానికి నాలుగడుగుల దూరములో నిలబడి ఆ అబద్ధము ఆడాను. పన్నెండు కూడా కాలేదు.

బుధవారము ఆమె గుడిసెకు వెళ్ళాను. మనసు నిలువలేదు. వాకిట్లో కూర్చొని అధ్యాయమంతా చదివాను, ఆగి ఆగి, చిన్న మాటల్లో చెబుతూ. అలా చదువుతుండగా పట్టికలోని ఒక సంగతి నాకు తట్టింది. మూడేండ్ల పట్టికలో ఈ పాఠము 1 నుండి 10 వరకు, మళ్ళీ 15 నుండి 21లో సగము వరకు. నడుమనున్న 11 నుండి 14 బ్రాకెట్లలో ఉంటాయి, అంటే చదివినా చదవకపోయినా పరవాలేదని. ఆ నాలుగు వచనాల్లో ఏముంది? నాబోతు ఊరి పెద్దలు. యెజెబెలు రాజు పేరున తాకీదులు వ్రాసి రాజముద్ర వేసి పంపింది. పెద్దలు మాట మాట్లాడకుండా ఉపవాస దినము చాటించారు. ఉపవాస కూటము పెట్టారండీ, నాబోతును ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఇద్దరు పనికిమాలినవారితో అబద్ధ సాక్ష్యము చెప్పించి, ఊరి బయటికి తీసుకుపోయి రాళ్ళతో కొట్టి చంపారు. బ్రాకెట్లు వదిలేస్తే తప్పంతా రాజుదీ రాణిదీ అవుతుంది. ఊరివారు కథలోంచి జారుకుంటారు. ఆ పట్టిక వేసినవారు పాఠము పొడుగును చూసి అలా చేశారేమో, వారిని నేను తప్పుపట్టను. నేనైతే మొత్తము అధ్యాయానికే బ్రాకెట్లు పెట్టినవాడిని.

అవ్వ అంతా విన్నది. తాకీదుల దగ్గర, “ముద్ర రాజుది, రాత ఆమెదా?” అని ఒకసారి అడిగింది. స్వాస్థ్యమంటే ఏమిటో నేను వివరించబోతే, “మా మామ సేనసుమంటిది” అని తనే అనేసింది. అంతా అయ్యాక చాలా సేపు ఊరుకొని అడిగింది:

“ఆయన పెండ్లాము ఏమైంది?”

సెమినరీలో ఈ అధ్యాయము మీద నేను వ్యాసము వ్రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. అధ్యాయములో ఆమె లేదు. ఇంటికి వచ్చి వెదికితే రెండవ రాజులు 9:26లో నాబోతు రక్తముతో పాటు అతని కుమారుల రక్తము మాట కూడా ఉంది. అంటే పిల్లలనూ మిగల్చలేదు. ఆ వచనము మూడేండ్ల పట్టికలో ఏ ఆదివారానికీ లేదు. భార్య మాట అక్కడా లేదు. మరుసటి వారము వెళ్ళి అవ్వకు ఇదే చెప్పాను. “అయితే ఆమె కూడా సచ్చి ఉంటది, లేకపోతే అడిగేది గదా” అంది.

తరువాత ఆ పెద్దతో మాట్లాడాను. ఆయన కోపగించుకోలేదు. “మీరు వాక్యము చెప్పండి అయ్యగారూ, భూముల సంగతి మాకు వదిలేయండి” అన్నాడు నవ్వుతూ. వాక్యములోనే భూమి సంగతి ఉందని చెప్పడానికి నాకు హక్కు ఎక్కడిది? నేనే దాన్ని ఆదివారము దాచి ఉంచాను. చదివి ఉంటే ఆయన మారేవాడా, సేను తిరిగి వచ్చేదా? చెప్పలేను. ఏలీయా వచ్చి నిలబడినప్పుడు అహాబంతటివాడు గోనెపట్ట కట్టుకున్నాడని 27వ వచనములో ఉంది. మనుష్యులు ఏమి చేస్తారో ముందే తీర్మానించి పాఠము ఎత్తివేయడము కాపరి పని కాదు. రెండేండ్లకు నాకు బదిలీ అయ్యింది.

2016 జూన్ 12న ఆ పాఠము మళ్ళీ వచ్చింది. అప్పటికి నేను ఖమ్మము దగ్గర వేరొక సంఘములో ఉన్నాను. బ్రాకెట్లతో సహా చదివించాను, గట్టిగా ప్రసంగించాను. ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడ ఎవరి తోటా ఎవరి చేతిలోనూ లేదు మరి.

ఆ తరువాత విచిత్రము చూడండి. లూకా సంవత్సరాలైన 2019లోనూ, 2022లోనూ, 2025లోనూ ఆ వారములోనే త్రిత్వ ఆదివారము పడింది. 2019లో జూన్ 16, 2022లో జూన్ 12, 2025లో జూన్ 15. పండుగ వస్తే ఆనాటి మామూలు పాఠాలు పక్కకు పోతాయి. పునరుత్థాన పండుగ తేదీనిబట్టి జరిగే లెక్క ఇది, ఎవరి కుట్రా కాదు. కాని ఈ పట్టికనే పట్టుకున్న సంఘాలలో 2016 తరువాత నాబోతు కథ ఆదివార పాఠముగా వినబడలేదు.

కాబట్టి సహోదరీ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ప్రసంగములోకి రాని ఆ రెండు పాఠాలు కాపరికి కాపలా. ఆయన దేనిని దాటిపోయాడో మీరు చెవులారా విని ఉంటారు, అడగవచ్చు. అవ్వ అడిగినట్టు. పక్కింటివారి పాస్టరుగారికి ప్రభువు మాట ఇవ్వడని నేను అనను. నాకైతే నా మనసు ఇచ్చే మాటకూ ప్రభువు ఇచ్చే మాటకూ తేడా తెలియని శనివారాలు ఉన్నాయి. ఆలాగని పట్టిక మీద పూర్తిగా ఆనుకోకండి. దానిలోనూ బ్రాకెట్లున్నాయి, ఒక్కొక్కసారి పండుగలు అడ్డము వస్తాయి. ఆదివారానికి ముందే మూడు పాఠాలనూ ఇంటిలో ఒకరు బిగ్గరగా చదవండి. చదువు రానివారు ఉంటే మరీ మంచిది, వారే ఎక్కువ వింటారు. నడుమ వచనాలు వదిలేసి ఉంటే వాటిని కూడా చదవండి.

అవ్వ 2021లో ప్రభువు సన్నిధికి చేరుకుంది. మనవడు ఇప్పుడు ఒక బడిలో పంతులు. అప్పుడప్పుడు ఫోను చేస్తుంటాడు. ఆ సేనులో మొన్న కూడా పత్తే వేశారని చెప్పాడు.

నాబోతు పాఠము మళ్ళీ ఆదివారము వచ్చేది 2028 జూన్ 18న. డైరీ వెనుక అట్ట మీద వ్రాసి పెట్టుకున్నాను. ఆ రోజుకు ఆ ఊరి సంఘానికి కాపరి ఎవరుంటారో తెలియదు. ఎవరున్నా ఆయనకు ముందుగా ఒక ఉత్తరము వ్రాయాలి, 11 నుండి 14 వరకు కూడా చదివించమని, చదవడానికి ఆ పంతులునే పిలవమని.